సంగటి వేళ పిలుపు

జూన్ 16, 1947. ధర్మపురి

ఈరోజు ఉద్యోగంలో చేరాను. ఈ ఊళ్ళో తెలుగు చదవడం, రాయడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే కావడం ఇన్నాళ్ళకు ఒక పనికి వచ్చింది. చిన్నప్పుడు నాన్న కుప్పం నుంచి పంతుల్ని పిలిపించి నాకు అక్షరాలు నేర్పిస్తుంటే చుట్టాలంతా నవ్వారట, ఈ పిల్ల చదివి ఏ ఊరు ఏలాలని. ఊరు ఏలడం లేదు గానీ ఊరు మాట్లాడేదంతా వింటున్నాను.

పెట్టె ఆఫీసు బజారు వెనక సందులో ఉంది. సూపర్‌వైజరు జయరామన్ గారిది కుంభకోణం. తీరమంతా జపాను వాళ్ళ చేతికి పోయినప్పుడు పెళ్ళాం బిడ్డలతో నడిచి ఈ మెట్టకు వచ్చినవారు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచరు. ప్రతి ఇంట్లో ఉన్న సర్కారు పెట్టె యుద్ధం కబురు, వాన కబురు, సంత ధరలు చెబుతుందని అందరికీ తెలుసు. అది తిరిగి వింటుందనీ అందరికీ తెలుసు. 'శత్రువు వినకముందే మేము వింటాం' అని రోజూ పొద్దున్నే అదే చెబుతుంది గదా. తమిళం మాట్లాడే ఇళ్ళను వినడానికి నా పక్క బల్ల దగ్గర కూర్చునే ధనం లాంటి అమ్మాయిలు ఉన్నారు. తెలుగు ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి అందరూ చేతులెత్తేశారట. వీధిలో తమిళం మాట్లాడే మనుషులు గడప దాటగానే వేరే భాషలోకి దిగిపోతారు, లోపల ఏం జరుగుతోందో మాకు తెలియడం లేదమ్మా అని జయరామన్ గారు బాధగా చెప్పారు. ఏం జరుగుతుంది సార్, సంగటి తింటున్నాం అన్నాను. ఆయన నవ్వలేదు.

అత్తకు ఈ ఉద్యోగం నచ్చలేదు. "దాచేదానికి ఏమీ లేనోళ్ళకు భయమెందుకత్తా" అన్నాను. ఆఫీసు గోడ మీద రాసిన మాటే అది.

"నీళ్ళు పోసుకొనేటప్పుడు తలుపు మూస్తాం గదా సరసా. అప్పుడేమన్నా దొంగతనం చేస్తా ఉండామా?" అంది.

ముసలివాళ్ళతో వాదన పెట్టుకోకూడదు. ఆఫీసు వాళ్ళిచ్చిన కిరసనాయిలు సీసాను మాత్రం తీసుకుపోయి జాగ్రత్తగా మూలన పెట్టుకుంది.

జూన్ 23

విన్నది ఎవరితోనూ అనకూడదని ప్రమాణం చేయించారు. ఇక్కడ రాసుకుంటే అన్నట్టు కాదు. ఈ అక్షరాలు చదివేవాళ్ళు ఎవరున్నారు?

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా వీధి చివర మేస్త్రీది తిరగేసిన సామెత. సంతలో అరిచి నలుగురినీ భయపెట్టే మనిషి, ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి అరగంట నీళ్ళు నమిలాడు. నవ్వు ఆపుకోలేక దగ్గాను. ధనం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇంకొక ఇంట్లో, వాళ్ళెవరో నాకు తెలియదు, మొగుడు పొలం నుంచి వచ్చి పెళ్ళాన్ని "అలిసిపోయినావా" అని అడిగాడు. అంతే. నేను ఇయర్‌ఫోను తీసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మా ఆయన లక్ష్మణ వేరుశనగ లారీతో మద్రాసు వెళ్ళిన వారానికే మద్రాసు కూడా జపాను వాళ్ళ చేతికి పోయింది. ఐదేళ్ళు. ఉన్నాడని కబురు లేదు, లేడని కబురు లేదు. నా బొట్టు తీయనివ్వకుండా అత్త కాపలా కాస్తోంది. కానీ సంగటి వేళ కొడుకు పేరు ఎత్తదు. మా ఇళ్ళలో ఊరికి పోయినవాళ్ళను తిండి దగ్గర పేరు పెట్టి పిలవరు. పిలిస్తే దోవలో వాళ్ళ కాలు తడబడుతుందట. అందుకని మేమిద్దరం రోజూ గొడ్ల గురించి మాట్లాడుకుంటూ తింటాం.

ఆనాడు ఎవరైనా ముందుగా విని ఉంటే మద్రాసు పోయేది కాదని జయరామన్ గారు అంటారు. నిజమే కావచ్చు. అందుకే ఈ పని మంచిదనుకుంటున్నాను.

జూలై 2

ఈరోజు ఒక కొత్త లైను ఇచ్చారు. కడత్తూరు రోడ్డులో గొర్రెల బీరప్ప ఇల్లు.

వాళ్ళ కొడుకు చిక్కప్ప సరిహద్దులో కందకాల పని నుంచి పారిపోయాడట. గొర్రెల దోవలన్నీ ఎరిగిన పిల్లవాడు గనక తీరం వైపు కబుర్లు మోస్తున్నాడేమోనని పైవాళ్ళ అనుమానం. ఇంటికి ఎప్పుడైనా వస్తాడు, విని చెప్పండి అన్నారు జయరామన్ గారు.

ఏటా కోత కాగానే బీరప్పన్న మంద మా చెట్టికరై చేనులో పడుకుంటుంది. ఆ ఎరువుతోనే మా రాగులు పండేది. మద్రాసు పోయిన ఏడు బీరప్పన్న భార్య హొన్నమ్మక్క ఒక కంబళి తెచ్చి నా మీద కప్పి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పొద్దు గూకేదాకా పక్కన కూర్చుంది. ఆ కంబళి ఇప్పటికీ కప్పుకుంటున్నాను.

ఈ లైను వద్దు అనొచ్చు. అనలేదు. నేను కాకపోతే చిత్తూరు నుంచి ఇంకెవరినో తెస్తారు. వాళ్ళయితే కీడు కోరి వింటారు. నేను మేలు కోరి వింటాను.

జూలై 9

హొన్నమ్మక్క లైనులో ఏమీ లేదు. గొర్రెలు, బీరప్పన్న దగ్గు, వాన ఎప్పుడొస్తుందనే మాట. నాకు సంతోషంగా ఉంది.

జూలై 14

పొద్దు గూకే వేళ విన్నది విన్నట్టు రాస్తున్నాను.

కంచం పెట్టిన చప్పుడు. హొన్నమ్మక్క గొంతు. "చిక్కా, రా నాయనా. ఇట్ల కూర్చో. వేడి సంగటి, చెయ్యి కాలుతాది, పైపైన తిను. చారు చాలునా? ఇంకొంచెం పోస్తాను ఉండు. ఎంత సన్నమైపోయినావురా. అట్ల చూడొద్దు, తిను."

పిల్లవాడి గొంతు వినబడలేదు. వాడు చిన్నప్పటి నుంచీ మాట్లాడేవాడు కాదు. మా చేనులో మంద ఉన్నప్పుడు కూడా అడిగినదానికి తల ఊపేవాడు, అంతే.

కానీ పేరు పెట్టి పిలిచింది. సంగటి దగ్గర పేరు పెట్టి పిలిచింది. అయితే ఇంట్లో ఉన్నట్టే గదా.

జూలై 15

రాసిచ్చాను.

సరిహద్దులో దొరికితే కాల్చేస్తారు. ఇంట్లో దొరికితే కొన్నాళ్ళు జైలు, ఆ తర్వాత మళ్ళీ కందకాల పని. జయరామన్ గారే చెప్పారు. తల్లి చేతి ముద్ద తిని మరీ పోతాడు. ఎలా చూసినా నేను వాడి ప్రాణం కాపాడినట్టే. రెండుసార్లు లెక్క వేసి చూశాను, అలాగే వస్తోంది.

జూలై 17

నిన్న సాయంత్రం పోలీసులు వెళ్ళారు. చిక్కప్ప లేడు. పొయ్యి పక్కన మాత్రం ముట్టని సంగటి ముద్దతో కంచం ఉందట, ఇంకా పొగలు వస్తూ. లేనివాడికి సంగటి ఎవరు పెడతారు, మీరే తప్పించారు అని బీరప్పన్నను పట్టుకుపోయారు. కొడుకు దొరక్కపోతే తండ్రిని కందకాల పనికి పంపుతారట. ఆ దగ్గుతో బీరప్పన్న అక్కడ ఒక చలికాలం బతకడు.

ధనం చెప్పింది ఇదంతా. నేను అవునా అన్నాను.

జూలై 18

అత్త బావి దగ్గర విని వచ్చింది. వస్తూనే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఏం పాపం చేసినాడు ఆ బీరప్ప? కంచంలో సంగటి ఉంటే కొడుకు ఉండాడనా? వాళ్ళ ఇండ్లల్లో దోవ మీద ఉండేవానికి ముందు ముద్ద పెట్టి, పిలిచి, వాడు ఎదురుగా ఉండేమాదిరి మాట్లాడి, ఆ తర్వాతే గదా మిగిలినోళ్ళు తినేది. మంద తోలుకొని నెలలు నెలలు పోయే మనుషులు. ఇంట్లో ఇట్ల పెడితే వానికి దోవలో ఆకలి కాదని వాళ్ళ నమ్మకం. నీకు తెల్లేదా?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ మంద మా చేనులో పడుకుంటోంది, నాకు తెలియదు. మేము వాళ్ళకు చేను గట్టు మీదే అన్నం పెట్టేవాళ్ళం. వాళ్ళ పొయ్యి దగ్గర ఒక్కసారి కూడా కూర్చోలేదు. పేరు పెట్టి పిలిస్తే మనిషి ఉన్నట్టేనని మా ఇంటి ఆచారంతో వాళ్ళ ఇంటిని విన్నాను.

"ఎవురో చెప్పినారంట" అంది అత్త. "ఆ చెప్పినోళ్ళ నోట్లో పురుగు పడ."

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

జూలై 19

జయరామన్ గారికి చెప్పాను. ఆయన అంతా విన్నారు, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

"మీరు చెప్పేది నిజమే అయివుంటుందమ్మా. కానీ కాగితం సేలంలో పైవాళ్ళకు పోయింది. ఇది తప్పని నేను రాస్తే, మీరు ఇంతవరకు రాసిందంతా తప్పేనా అంటారు. ధనం రాసింది తప్పేనా, ఈ ఆఫీసు మొత్తం తప్పేనా అంటారు. ఆచారానికి రుజువు ఏం చూపిస్తాను?"

"ఇంకొకసారి వింటే తెలుస్తుంది సార్."

"ఏం తెలుస్తుంది? మళ్ళీ కొడుకును పిలుస్తుంది. మళ్ళీ వచ్చాడనుకుంటారు."

చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని. మజ్జిగ తెప్పించి ఇచ్చారు.

జూలై 22

హొన్నమ్మక్క లైనులో చప్పుడు లేదు.

జూలై 25

లేదు. పొయ్యి ఊదిన చప్పుడు మాత్రం వచ్చింది. ఒక మనిషి ఒంటరిగా ఒక ఇంట్లో ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉండగలదో నాకు అర్థం కాదు. కంచం కూడా చప్పుడు కాకుండా పెడుతోంది.

జూలై 30

అత్తకు చెప్పేశాను, ఆ ఎవురో నేనేనని. ఆమె చెరుగుతున్న రాగుల చేట పక్కన పెట్టింది. తర్వాత, "పోయి ఆ యమ్మకు చెప్పు. నాకు చెబితే ఏం లాభం" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 3

ఆదివారం. కడత్తూరు రోడ్డుకు వెళ్ళాను. చెప్పవలసిన మాటలన్నీ దోవలో అల్లుకుంటూ పోయాను. అక్కడికి పోయాక ఒక్కటీ గుర్తులేదు.

హొన్నమ్మక్క ఇంటి బయట ఎండలో కూర్చుని ఉన్ని ఏకుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. నేను నేల మీదే కూర్చున్నాను.

"హొన్నమ్మక్కా, ఆఫీసులో తెలుగు వినేది నేనే" అన్నాను.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు చేరిన దినం నుంచి. ఈ ఊర్లో తెలుగు అక్షరం చదివేవాళ్ళు ఇంకెవురుండారు? అందరికీ తెలుసు." ఉన్నిలోంచి ముల్లు తీసి పారేసింది. "పెట్టె తెచ్చి పెట్టినప్పటి నుంచి నేను వాన్ని మనసులోనే పిలుస్తా ఉంటి. ఎవురు వింటారో ఏమోనని నోరు తెరవలేదు. నువ్వు చేరినావని తెలిసినాక ధైర్యం వచ్చె. వినేది మన సరసమ్మే గదా, విననీ అనుకుంటి. అయినా నోరు తెరిచేదానికి నెల పట్టె, ఆ దినమే మొదట నోరారా పిలిచినాను."

నేను ఏడ్చాను. ఏడవడానికి నాకేం హక్కుందని కూడా అనిపించింది, అయినా ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. కాసేపటికి తనే అడిగింది.

"ఒక మాట చెప్పు. అన్ని ఇండ్లూ వింటావే. యాడన్నా వాని గొంతు వినబడెనా?"

"లేదక్కా."

"దగ్గు గూడా?"

"లేదక్కా."

తల ఊపింది. కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు కూడా తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. సర్కారు వెతుకుతున్నట్టే ఆమె కూడా వెతుకుతోంది.

"ఇంకొక్కసారి పిలువక్కా. జయరామన్ గారిని పక్కన కూర్చోబెట్టి వినిపిస్తాను. ఇది మీ ఆచారమని నేను చెబుతాను" అన్నాను.

"నువ్వు చెబితే నమ్ముతారా? మళ్ళీ వచ్చినాడని మళ్ళీ వస్తారు. నేను పిలవను. పో అమ్మా, పొద్దు పోతా ఉంది."

జయరామన్ గారు అన్న మాటే. లేచి దోవ పట్టాను.

ఆగస్టు 9

బీరప్పన్నను నెలాఖరుకు సరిహద్దుకు పంపుతారని కాగితం వచ్చింది.

ఆగస్టు 15

శుక్రవారం. విశేషం ఏమీ లేదు. వాన కూడా రాలేదు.

ఆగస్టు 19

ఇప్పుడే ఇంటికి వచ్చాను. మెల్లగా రాస్తాను.

సాయంత్రం అన్ని లైన్లూ చూసి, అలవాటుగా హొన్నమ్మక్క లైను పెట్టాను. కంచాల చప్పుడు. ఒకటి కాదు, చాలా. కావాలని గట్టిగా పెడుతున్నట్టు ఉంది. నేను పరుగున పోయి జయరామన్ గారిని పిలుచుకొచ్చి రెండో ఇయర్‌ఫోను ఆయన చేతిలో పెట్టాను. పెళ్ళి సంబంధాలు కలిపే మనిషిలా ఉన్నాను ఆ నిమిషంలో, సిగ్గు లేకుండా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"చిక్కా, రా నాయనా. సంగటి పెట్టినాను" అంది హొన్నమ్మక్క.

జయరామన్ గారు నా వైపు చూశారు. అంతపాటి తెలుగు ఆయనకు తెలుస్తుంది. మళ్ళీ వచ్చాడు అని ఆయన ముఖంలో రాసి ఉంది.

"ఏమయ్యా, నువ్వూ కూర్చో. జైల్లో ఏం పెడతా ఉండారో ఏమో. దగ్గు తగ్గెనా? మిరియాలు వేసినాను చారులో."

జయరామన్ గారు కనుబొమలు ముడిచారు. బీరప్పన్న జైల్లో ఉన్నాడని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

తర్వాత ఇంకొక కంచం చప్పుడు.

"సరసమ్మా, రా తల్లీ. ఎందుకట్ల గడప దగ్గర నిలబడుండావు? లోపలికి రా. మా పొయ్యి దగ్గర ఎప్పుడూ కూర్చోలేదే నువ్వు. ఉలవ చారు. తిను. తల వంచుకోవద్దు, తిను. తిన్నాక మాట్లాడుకుందాం."

జయరామన్ గారు ఇయర్‌ఫోను చూశారు. నన్ను చూశారు.

"సరసమ్మ అంటే?"

"నేనే సార్."

"మీరు ఇక్కడ ఉన్నారు కదమ్మా."

"అవును సార్. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది."

ఆయన ఇయర్‌ఫోను తీయలేదు. లైనులో హొన్నమ్మక్క నాకు చారు ఇంకొంచెం పోస్తానంటోంది, వద్దనకూడదంటోంది. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మా అమ్మ కుంభకోణంలోనే ఉండిపోయింది. రానంది" అన్నారు. "ఆమె కూడా పెడుతూ ఉంటుందేమో."

అక్కడే కూర్చుని తన చేత్తోనే కాగితం రాశారు. సేలం వాళ్ళు నమ్మకపోతే వాళ్ళనే వచ్చి వినమంటాను అన్నారు. మొదటిసారి ఆయన గొంతు పెరగడం విన్నాను.

నేను పోయి అడిగిన రోజు ఆమె చెయ్యనంది. ఎప్పుడు ఆలోచించిందో, ఎలా ఆలోచించిందో. నన్ను కాపాడాలని నన్ను పిలవలేదు, తన మొగుణ్ణి కాపాడుకోవడానికి పిలిచింది. అది నాకు తెలుసు. కానీ చారు ఇంకొంచెం పోస్తాననడం ఆ రుజువుకు అవసరం లేదు. అది ఎందుకన్నదో నేను ఆమెను ఎప్పటికీ అడగను.

ఆగస్టు 29

బీరప్పన్నను వదిలేశారు. 'వయసును బట్టి దయతో' అని రాశారట. తప్పు జరిగిందని ఎక్కడా లేదు.

పోలీసు కచేరి దగ్గర నిలబడ్డాను. ఆయన బాగా వంగిపోయాడు. నన్ను చూసి ఆగాడు. నేను నోరు తెరిచేలోపే, "ఈ ఏడు మీ చేను కోత ఎప్పుడమ్మా?" అని అడిగాడు. కార్తీకంలో అన్నా అన్నాను. సరేనని దగ్గుకుంటూ పోయాడు.

సెప్టెంబరు 1

ఇయర్‌ఫోను బల్ల మీద పెట్టి వచ్చేశాను. జయరామన్ గారు వద్దనలేదు. చిత్తూరు నుంచి తెలుగు బాగా వచ్చిన మనిషిని పిలిపిస్తారట. మా తెలుగు వస్తుందా సార్ అని అడిగాను. ఈసారి ఆయన నవ్వారు.

కిరసనాయిలు సీసా వెనక్కి ఇచ్చేశాం. అత్త దాన్ని మూలన పెట్టింది పెట్టినట్టే ఉంచింది, ఒక్క చుక్క కూడా వాడలేదు. ఇన్నాళ్ళూ నేను గమనించలేదు. ఊరంతా విన్నదాన్ని, మా ఇంటి మూల చూడలేదు.

సెప్టెంబరు 12

చిత్తూరు మనిషి ఈ పొద్దున చేరాడని ధనం వచ్చి చెప్పి పోయింది.

సాయంత్రం సంగటికి కూర్చున్నాం. అత్త మూడు కంచాలు పెట్టింది. నేను ఎవరైనా వస్తున్నారేమో అనుకుని గుమ్మం వైపు చూశాను. అత్త మూడో కంచంలో ముద్ద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెట్టె ఉన్న గోడ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"లక్ష్మణా, రారా నాయనా. సంగటి పెట్టినాను" అంది.

ఐదేళ్ళ తర్వాత ఆ పేరు ఆమె నోట విన్నాను.

"అత్తా, అక్కడ కొత్తాయన రాసుకుంటాడు" అన్నాను మెల్లగా.

"ఏమని?"

"ఆయన ఇంట్లో ఉన్నాడని."

"రాసుకోనీ. ఒక కాయితంలోనన్నా నా బిడ్డ ఇంటికి వచ్చినట్ల ఉంటాది."

"పోలీసులొస్తే?"

"వస్తే వాళ్ళకూ తలా ఒక కంచం పెడదాం. నువ్వు ఊరికే కూర్చోనుండావేమి, వానికి చారు పొయ్యి."

లేచి మూడో కంచంలో చారు పోశాను. పక్కన కూర్చున్నాను. నీళ్ళ చెంబు ఆ కంచం వైపు జరిపాను. "అలిసిపోయినారా" అని అడిగాను.